కగెనారి చేసిన ఒక్క కత్తి

ఒసఫునె ఊళ్లో కమ్మరి కానివాణ్ని చూడాలంటే కాస్త వెతకాలి. తెల్లారేసరికి మొదలైన సమ్మెటల మోత పొద్దుగూకేదాకా ఆగదు. అక్కడి పసిపిల్లలు ఆ మోతలో హాయిగా నిద్రపోతారు, ఆగితే ఉలిక్కిపడి లేచి ఏడుస్తారు. అన్ని కొలిముల్లోకీ హరుకగె గారి కొలిమి పేరున్న కొలిమి. ఆ పేరు నిలబెట్టినవాడు యజిరో. ఈ రెండో మాట మాత్రం ఊళ్లో ఎవరూ పైకి అనరు.

అనకపోవడం తప్పని కూడా ఎవరూ అనుకోరు. గురువుకు చెయ్యి వణకడం మొదలయ్యాక, ఇంట్లో ఉన్న పెద్ద శిష్యుడు కత్తి చేసి, దాని తోక మీద గురువు పేరే చెక్కుతాడు. తోకంటే పిడి లోపల దాగే ఇనుము. చేసినవాడి పేరు ఉండేది అక్కడే, పిడి ఊడదీస్తే గాని కనబడదు. దీన్ని ఊళ్లో మోసమనరు, ఆచారమంటారు. ఆచారం అన్న మాట ఒకటుంటే చాలు, ఎవరి నోరైనా మూసెయ్యొచ్చు. హరుకగె చివరి పదేళ్లలో చేసినవని పెద్దపెద్ద దొరలు కళ్లకద్దుకునే కత్తులన్నీ యజిరో చేతి మీదుగా వచ్చినవే. వణుకు రాకముందు గురువుగారి ఉలిదెబ్బ ఎలా ఉండేదో, పేరు చెక్కేటప్పుడు అచ్చం అలాగే వేసేవాడు. గురువు పోయి తొమ్మిదేళ్లయింది. ఇప్పుడు యజిరోకి యాభై ఆరు. అతను చేసిన కత్తుల మీద ఇప్పుడు గురువుగారి కొడుకు శింగొరో పేరు చెక్కుతున్నాడు.

శింగొరో ఆ కొలిమికి యజమాని, యజిరో భార్య సుజుకు సొంత తమ్ముడు. వరసకి బావా అని పిలవాలి. కొలిమిలో మాత్రం "యజిరో" అంటాడు. చెడ్డవాడు కాదు, పాపం, పని రానివాడు. ఎర్రగా కాలిన ఇనుమును ఏ రంగు దగ్గర నీళ్లలో ముంచాలో అతనికి ఇప్పటికీ తెలియదు. యుద్ధాలు వచ్చి అతని పరువు కాపాడాయి. ఈ రోజుల్లో కత్తి కావాలని ఒకటీ రెండూ అడిగేవాళ్లు లేరు. కట్టెల మోపుల్లా కట్టి పంపమంటారు. నెలకు ముప్ఫై కత్తులు సాగగొట్టడానికి పనితనం అక్కర్లేదు, బొగ్గుంటే చాలు.

అయినా యజిరో బతుకులో ఒక్క కత్తి ఉంది.

శిష్యరికంలో పద్దెనిమిదో ఏడు దాటాక హరుకగె అతనికి పనిపేరు ఇచ్చాడు. తన పేరులో సగం విరిచి 'కగెనారి' అన్నాడు. పేరు ఇచ్చాక ఒక కత్తి సొంతంగా చేసి సొంత పేరు చెక్కుకోవాలి. దొరగారొకాయన గుర్రం మీద తిప్పడానికి మూడడుగుల కత్తి కావాలన్నాడు. హరుకగె ఆ పని అతనికి వదిలేశాడు. యజిరో ఏడు రోజులు ఉప్పూ చేపా ముట్టకుండా, ఏటి నీళ్లతో స్నానాలు చేసి, కొలిమి చుట్టూ మైల సోకకుండా కొత్త గడ్డితాడు కట్టి పని మొదలుపెట్టాడు. ఇనుమును పదిహేను మడతలు వేసి సాగగొట్టాడు. అంతవరకూ చేతికి తెలిసిన పనే. మట్టి పూసే రోజు వచ్చేసరికి చేతిలో వెదురు పుల్ల పట్టుకుని ఆగిపోయాడు.

కత్తి వీపుకు మందంగా, అంచుకు పలచగా మట్టి పూసి, కాల్చి, నీళ్లలో ముంచితే అంచు వెంబడి తెల్లని గీత పడుతుంది. మట్టి ఎలా పూస్తే గీత అలా పడుతుంది. చేసినవాడు ఎవరో చెప్పేది ఆ గీతే. హరుకగె గీత లవంగమొగ్గల వరస, ఒకదాన్నొకటి తోసుకుంటూ, పైన ఆవిరి పట్టినట్టు ఒక మసక. యజిరో మనసులో వేరే గీత ఉండేది. యొషీ నది మీద పొద్దున్నే మంచు పడుకున్నట్టు, అల లేని గీత. అంతకు రెండేళ్ల ముందు పెళ్లయిన కొత్తలో, మిగిలిన ఇనుప ముక్కతో సుజుకు వంటింటి కత్తి చేసిచ్చి, దాని మీద ఆ గీత పెట్టి చూశాడు. కుదిరింది. సుజు దాన్ని కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పి చూసి, "ముల్లంగి కొయ్యడానికి ఇంత అందమెందుకండీ," అని నవ్వింది.

కానీ దొరగారి కత్తి వంటింటి కత్తి కాదు. అంతవరకూ ఎవరూ చూడని గీత చూసి జనం నవ్వితే? గురువు మొహం మాడిస్తే? ఉన్న ఒక్క అవకాశం బుగ్గిపాలు చేసుకోకూడదనుకున్నాడు. వెదురు పుల్ల తనంతట తాను లవంగమొగ్గలు పెట్టుకుంటూ పోయింది. కత్తి బ్రహ్మాండంగా వచ్చింది. పేరు చెక్కేటప్పుడు మాత్రం చెయ్యి తడబడింది. గురువు పేరు ఎలా కొట్టాలో చూసి చూసి కంఠతా వచ్చు, సొంత పేరు కొట్టడం అదే మొదలు.

హరుకగె ఆ కత్తిని వెలుతురులో పెట్టి చాలాసేపు చూశాడు. "బాగుంది," అన్నాడు. ఇంకాస్త ఆగి, "కానీ ఇది నాదిరా," అన్నాడు. అంతకంటే పెద్ద మెప్పు ఏముంటుందని యజిరో పొంగిపోయి ఇంటికి పరుగెత్తాడు. సుజు విని తన వంటింటి కత్తి వైపు చూసింది. ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే గురువు చెయ్యి వణకడం మొదలైంది. జనం అడిగేది హరుకగె కత్తులు, కగెనారి ఎవరికి కావాలి? ఆ కత్తి తీసుకున్న దొర ఎక్కడో కొండల్లో జరిగిన పోరులో చచ్చిపోయాడు. కత్తి శత్రువుల పాలయిందని తెలిసింది. అయినా యజిరోకి అది చాలు. కట్టల కత్తుల మీద శింగొరో పేరు కొడుతున్నప్పుడు కూడా, నా పేరున ఒకటుంది, ఎక్కడో ఒకచోట ఉంది అనుకునేవాడు. ఇరవై ఏళ్లు ఆ ఒక్క మాట నమలుకుంటూ బతికాడు.

ఆ కత్తి చలికాలం మొదట్లో ఒక మధ్యాహ్నం ఇంటికొచ్చింది.

తెచ్చినవాడు కుజుహరా అనే కుర్ర యోధుడు. వెంట రాజధాని నుంచి ఒక గుండు పెద్దమనిషి వచ్చాడు. పేరు చికుఅమి. కత్తిని చూసి ఇది ఫలానావాడి చెయ్యి అని నిగ్గు తేల్చడం ఆయన వృత్తి. ఆయన అవునంటే అవును, కాదంటే కాదు. శింగొరో వాళ్లను ముందు గదిలో కూర్చోబెట్టి, యజిరోను పిలిపించాడు. యజిరో చేతులు కడుక్కుని వచ్చి గుమ్మం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

కుజుహరా కత్తి మీది గుడ్డ విప్పాడు. చూడగానే యజిరో గుర్తుపట్టాడు. తల్లి బిడ్డను గుర్తుపట్టడానికి దగ్గరికెళ్లి చూడాలా? చేతులు తొడల కింద పెట్టుకున్నాడు.

"మూడడుగుల కత్తి మోసుకు తిరిగే రోజులు పోయాయి," అన్నాడు కుజుహరా. "ఇప్పుడంతా నేల మీద కొట్లాటే. నడుముకు దోపుకోవాలి. ముప్పావు అడుగు తగ్గించండి. వచ్చే నెల మా ప్రభువుకు కానుక ఇస్తున్నాను."

కత్తిని మొన వైపు నుంచి ఎవరూ తగ్గించరు. మొన పోతే కత్తి ప్రాణం పోయినట్టే. తోక వైపు కోసి, కత్తి అడుగుభాగాన్నే ఆకురాయితో రాసి కొత్త తోక చేస్తారు. ఎప్పుడూ పోయేది పేరే.

యజిరో కాస్త ముందుకు జరిగాడు. "పేరున్న చోటు వరకూ రేకులా పలచన చేసి, వెనక్కి మడిచి కొత్త తోకలో పొదగొచ్చండి. కొందరి పేర్లకు అలా చేస్తాం. కాస్త పని ఎక్కువ, అంతే."

చికుఅమి పిడి ఊడదీసి, తోక మీద పేరు చూస్తూ నవ్వాడు. మంచి నవ్వే, ఎగతాళి లేదు. "గొప్పవాళ్ల పేర్లకు చేస్తారు నాయనా. దొంగపేరుకు ఎందుకు?"

"దొంగపేరా?" అన్నాడు శింగొరో.

చికుఅమి తను తెచ్చిన ఇంకో కత్తి తీసి పక్కన పెట్టాడు. అది ఒక మహాప్రభువు ఇంటి కత్తి, తోక మీద హరుకగె పేరు. గురువుగారు మంచం పట్టిన ఏడు యజిరో చేసింది. "ఇది నిఖార్సైన హరుకగె. దేశంలో ఎవరినైనా అడగండి. ఇప్పుడు ఈ రెంటి గీతలూ చూడండి. అవే మొగ్గలు, పైన అదే మసక. ఒకే చేతివి కావని గుడ్డివాడు కూడా అనడు. మరి దీని మీద ఈ కగెనారి ఎవడు? ముప్ఫై ఏళ్లుగా కత్తులు చూస్తున్నాను, ఇంకో కగెనారి కత్తి నా కంట పడలేదు. ఎవడో హరుకగె పేరు అరగదీసి తన పేరు పెట్టుకున్నాడు."

"అది ఎలా తెలిసింది మీకు?" అన్నాడు యజిరో. గొంతు కొంచెం పైకి లేచింది. శింగొరో చూపు చురుక్కున అతని మీద పడింది.

చికుఅమికి కోపం రాలేదు. పని తెలిసినవాడు అడిగాడని సంతోషపడి, తోకను దగ్గరికి జరిపి చూపించాడు. "ఈ ఉలిదెబ్బలు చూడు. ఇక్కడ ఆగాడు, ఇక్కడ మళ్లీ కొట్టాడు. భయపడుతూ చెక్కాడు. ఆ హరుకగె పేరు చూడు, ఒక్క దెబ్బకూ తొణకలేదు. సొంత పేరు చెక్కుకునేవాడికి ఎక్కడైనా చెయ్యి తడబడుతుందా?"

ఆయన చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. ఆ కళ్లకు దణ్ణం పెట్టాలి. ఇరవై ఏళ్ల కిందటి వణుకును ఇనుము మీద చదివాడు, ఎందుకు వణికిందో తప్ప అన్నీ చదివాడు.

"ఇంతకీ మీ ఇంట్లో కగెనారి అని ఎవడైనా ఉండేవాడా?" అని చికుఅమి శింగొరోను అడిగాడు.

"పాత సంగతులు," అన్నాడు శింగొరో. "ఒకసారి లోపల కనుక్కుని వస్తాం." యజిరో వైపు కళ్లతో సైగ చేసి లేచాడు.

ఇద్దరూ పెరట్లో బొగ్గుల పాక వెనక్కి వెళ్లారు. శింగొరో మొహం పాలిపోయి ఉంది.

"బావా," అన్నాడు.

తొమ్మిదేళ్లలో కొలిమి గడప దగ్గర ఆ పిలుపు వినలేదు యజిరో. దేనికి పిలిచాడో అర్థమై ఒళ్లు మండింది.

"ఇప్పుడు గుర్తొచ్చిందా వరస?"

"ఏమైనా అను. చెప్పుచ్చుక్కొట్టు. కానీ ఆలోచించు. ఆ కగెనారి నువ్వేనంటే ఈ కత్తి నీదవుతుంది. మరి పక్కన పెట్టిన ఆ రెండోది ఎవరిది? దొరల ఇళ్లలో ఉన్నవి ఎవరివి? నాన్న చివరి పదేళ్లూ ఎవరివి?"

"నావి."

"ఊళ్లో అందరికీ తెలుసు. బయటివాళ్లకు తెలుసా? మోసం అంటారు. నాన్న ఎముకలు కూడా తవ్వి పారేస్తారు. అక్క మొహం ఎక్కడ పెట్టుకుంటుంది?"

"మీ అక్క మాట నువ్వెత్తకు."

శింగొరో తల దించుకున్నాడు. కాసేపు బొగ్గుపొడిలో కాలి బొటనవేలితో గీత గీశాడు. "సరే, చెప్పు. వెళ్లి చెప్పు. ఆపను. నమ్మితే మన కొలిమి మూతపడుతుంది. నమ్మకపోతే, ముసలాడికి మతిపోయిందంటారు. ఏదైనా ఆ కుర్రాడు కత్తి తగ్గించే తీసుకెళ్తాడు. నువ్వు పట్టనంటే నేనే కొయ్యాలి."

బెదిరించడానికి అన్న మాట కాదది, ఏడుపు గొంతుతో అన్నాడు. కానీ యజిరోకి గుచ్చుకున్నది అదే. కత్తి అడుగు కొయ్యాలంటే ఆ అడుగుభాగాన్ని కాల్చి మెత్తబరచాలి, లేకపోతే ఆకురాయి పట్టదు. కాల్చేటప్పుడు పైభాగమంతా తడి గడ్డిలో, తడి మట్టిలో చుట్టి, వేడి ఒక్క వేలెడు కూడా పైకి పాకకుండా చూడాలి. పాకిందా, అంచు పదును చచ్చిపోతుంది, లవంగమొగ్గలు బూడిదరంగుకు తిరిగి మాయమైపోతాయి. తర్వాత అది కత్తి కాదు, ఇనప బద్ద. శింగొరో చేతికిస్తే అదే జరుగుతుంది. ఏ రంగు దగ్గర ఆపాలో అతనికి ఏనాడు తెలిసింది కనక?

పేరు చావాలి, లేదా కత్తి చావాలి. మూడోది లేదు.

అక్కడే, ఆ బొగ్గుల పాక గోడకు ఆనుకుని, యజిరోకి గురువుగారి మాట గుర్తొచ్చింది. 'బాగుంది, కానీ ఇది నాదిరా.' మెప్పు కాదది. హెచ్చరిక కూడా కాదు, ఉన్న మాట. ఇరవై ఏళ్లు నెత్తిన పెట్టుకు తిరిగాడు, ఎప్పుడూ విప్పి చూడలేదు. ఆ కత్తిలో కగెనారి ఎక్కడున్నాడు? మట్టి గురువుది, మొగ్గలు గురువువి, పేరులో సగం గురువుదే. మంచు గీత పెట్టి ఉంటే ఏ చికుఅమి వచ్చి ఇది హరుకగెదనేవాడు? నవ్వినా నీదాన్ని చూసే నవ్వేవాళ్లు కదరా పిరికిపందా, అని తన్ను తాను తిట్టుకున్నాడు.

తిరిగి గదిలోకి వెళ్లి కూర్చున్నాడు.

"ఏం ముసలాయనా," అన్నాడు కుజుహరా, "ఏమైనా తెలిసిందా ఆ కగెనారి సంగతి?"

"ఉండేవాడండి," అన్నాడు యజిరో. "ఇక్కడే పనిచేసేవాడు. ధైర్యం లేని మనిషి."

"ఇప్పుడున్నాడా?"

"లేడండి."

శింగొరో ఊపిరి వదిలిన చప్పుడు గదంతా వినబడింది. చికుఅమి జాలిగా తలాడించి, "ధైర్యం లేనివాళ్లే ఇంకొకడి పనికి తమ పేరు పెట్టుకుంటారు," అన్నాడు.

"నిజమేనండి," అన్నాడు యజిరో.

పని మూడు రోజులు పట్టింది. మొదటి రోజు తడి గడ్డి చుట్టి, పైన మట్టి మెత్తి, కొలిమి కిటికీలు మూయించి చీకటి చేసుకున్నాడు. చీకట్లోనే గదా ఇనుము రంగు నిజం చెప్పేది. శింగొరోను తిత్తి దగ్గర కూర్చోబెట్టాడు. "ఊదు" అంటే ఊదాడు, "ఆపు" అంటే ఆపాడు. వేడి చుట్టుకట్టు దాకా వచ్చి అక్కడే నిలబడింది, కుక్క గడప దగ్గర కూర్చున్నట్టు. రెండో రోజు ఉలి పెట్టి తోక కోశాడు. చెయ్యి ఈసారి తడబడలేదు. పేరున్న ముక్క టంగున నేల మీద పడింది. శింగొరో వంగి తియ్యబోతే, "వదిలెయ్," అన్నాడు. మూడో రోజు ఆకురాయితో కొత్త తోక రాసి, అంచు మొదట్నుంచి చివరిదాకా వెలుతురులో తిప్పి చూశాడు. ఒక్క మొగ్గ చెడలేదు.

చికుఅమి కూడా అలాగే తిప్పి చూశాడు. చాలా మెచ్చుకున్నాడు. తర్వాత సన్నటి కుంచె తీసి, కొత్త తోక మీద ఎర్ర లక్కతో 'హరుకగె' అని రాసి, కింద తన గుర్తు వేశాడు. "చచ్చిపోయినవాడి పేరు మళ్లీ ఉలితో చెక్కకూడదు. అది మోసమవుతుంది," అన్నాడు. అంత నిజాయితీపరుడు ఆయన. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "గురువుగారి కత్తికి నీ చేత్తో న్యాయం చేశావు. నీ పేరేమిటి?" అని అడిగాడు.

"యజిరో అండి."

"పనిపేరు లేదా?"

"లేదండి."

మంచి చెయ్యి, పాపం, అని ఆయన కుజుహరాతో అనడం వాకిట్లోంచి వినబడింది.

యజిరో సాయంత్రం కాకముందే ఇల్లు చేరాడు. సుజు వంటింటి గుమ్మంలో కూర్చుని, పచ్చడికి ఎండబెట్టడానికి ముల్లంగి కోస్తోంది. తమ్ముడి భార్య ఎప్పుడో వచ్చి అంతా చెప్పినట్టుంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. యజిరో కొలిమి నేల మీంచి ఏరి గుడ్డలో చుట్టి తెచ్చిన ఇనప ముక్క ఆమె ముందు పెట్టి, పక్కన కూలబడ్డాడు. ఆమె గుడ్డ విప్పలేదు. లోపల ఏముందో తెలుసు.

"చెప్పాల్సింది," అంది. "మా నాన్న ఏమైపోయినా సరే, చెప్పాల్సింది. నేను ఏమీ అనుకునేదాన్ని కాదు."

అతను ఆమె చేతిలోంచి వంటింటి కత్తి తీసుకుని, ఉన్న కాస్త వెలుతురులో అటూ ఇటూ తిప్పాడు. మంచు గీత కోసం వెతికాడు. ఇరవై రెండేళ్లు రోజూ రాతి మీద నూరి నూరి కత్తి సగానికి సగం అరిగిపోయింది. ఆ గీత ఉండే అంచు ఎప్పుడో ముల్లంగితో పాటు పోయింది. ఇప్పుడక్కడ మామూలు ఇనుము తప్ప ఇంకేం లేదు. కత్తి తిరిగి ఆమెకిచ్చేశాడు.

"తోక ఎవరు కోశారు?" అని అడిగింది సుజు. "తమ్ముడా?"

"వాడికెలా ఇస్తాను? వాడు కోస్తే కత్తి చచ్చిపోదూ. నేనే కోశాను."